పిల్లల హెల్ప్‌లైన్‌లో చేరిన రెండు నెలలకే మనసు మొద్దుబారిపోయిందా?

విజయనగరం నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, పిల్లల హెల్ప్‌లైన్‌లో చేరి రెండు నెలలైంది. మొదటి వారం ఇంటికొచ్చి రోజూ ఏడ్చేదట. ఇప్పుడు ఎంత ఘోరం విన్నా కన్ను తడవడం లేదు, రాయినైపోతున్నానా అని భయపడుతోంది. పోయిన ఆదివారం ఒక పెళ్లిలో ఎవరో పెద్దాయన ఆరేళ్ల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఈవిడకు ఒళ్లంతా వణుకొచ్చి, భోజనం చెయ్యకుండా వచ్చేసిందట. ఇంట్లో సొంత ఫోన్ మోగినా గుండె దడ. "అమ్మ మానెయ్యమంటోంది, మానెయ్యాలా?" అని అడిగింది.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాయి కాలేదు. రాయైతే పెళ్లిలో వణుకు వచ్చేది కాదు. ఇప్పటికిప్పుడు మానెయ్యక్కర్లేదు. కానీ ఇలాగే, ఎవరికీ చెప్పకుండా ఇంకో ఆర్నెల్లు లాక్కొస్తే మీరు రాజీనామా రాయక్కర్లేదు, మీ ఒళ్లే మాన్పించేస్తుంది. అలా ఆగిపోయినవాళ్లను నలుగురైదుగురిని చూశాను. అందులో ఒకసారి నేనూ ఉన్నాను.

నేను శ్రీకాకుళంలో ఈ పనిలోకి 2011లో వచ్చాను. అప్పట్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098ని స్వచ్ఛంద సంస్థలు నడిపేవి. 2023లో మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని, అత్యవసర నంబరు 112తో కలిపింది. ఇప్పుడు కాల్ ముందు రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కి వెళ్లి, అక్కడి నుంచి జిల్లా యూనిట్‌కి వస్తుందని మీకు తెలిసిందే. ఫోన్ ఎత్తే కుర్చీలోనూ కూర్చున్నాను, జీపెక్కి ఊళ్లూ తిరిగాను. ఈ మధ్య కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. కింద చెప్పే సంగతుల్లో ఊరు, వయసు, బంధుత్వం లాంటివి మార్చేశాను. ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యకండి.

మనల్ని తినేసేది విన్న కథ కాదు. బయటవాళ్లందరూ అలాగే అనుకుంటారు. "అలాంటివి రోజూ ఎలా వింటావే" అంటారు. వినడం కష్టమే, కాదనను. కానీ ఇన్నేళ్లలో నాకు నిద్ర లేకుండా చేసినవి చాలావరకు విన్న మాటలు కావు. ఫోన్ పెట్టాక నేను చేసిన పనో, చెయ్యని పనో, ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో తెలియకపోవడమో. రెండు సంగతులు చెబుతాను.

చేరిన మరుసటి ఏడాది వేసవి. వంశధార అవతల ఒక ఊళ్లో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లకు పెళ్లి పెట్టారు. ఫోన్ చేసింది పెళ్లికూతురు కాదు, బడిలో ఆమె పక్కన కూర్చునే నేస్తం. "అప్పా (మావైపు అక్కను అలాగే పిలుస్తారు), దానికి ఇష్టం లేదు. రేతిరికే పెళ్లి" అని గుసగుసగా ఊరి పేరు చెప్పి పెట్టేసింది. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ని, ఎస్సైని వెంటబెట్టుకుని వెళ్లాం. పందిరి వేసేశారు. పెరట్లో వంటవాళ్లు గంప ముందు కూర్చుని వంకాయలు కోస్తున్నారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లాడికి ఇరవై ఒకటి నిండాలని, కాదని చేస్తే తల్లిదండ్రులతో పాటు పెళ్లి జరిపించిన వాళ్ల మీదా కేసని చెప్పి, కాగితం రాయించుకున్నాం. పెళ్లి ఆగింది.

నాకు అది మొదటి గెలుపు. తిరిగొస్తుంటే జీపులో పట్టరాని సంతోషం. ఆ నేస్తానికి చెప్పాలనిపించింది. పాపం, ఎంత టెన్షన్ పడుతోందో అనుకుని, వచ్చిన నంబరుకే తిరిగి ఫోన్ చేశాను. ఎత్తింది వాళ్ల నాన్న. "ఎవులు?" అన్నాడు. నేను టక్కున పెట్టేశాను. ఆయన ఊరుకోలేదు, మళ్లీ చేశాడు. ఈలోపు ఊరంతా, కబురు ఎవరు చేరేశారా అని వెతుకుతోంది. ఇంకేం చెప్పాలి.

మూడో రోజు మావాళ్లతో కలిసి వెళ్లేసరికి ఫోన్ చేసిన ఆ పిల్ల చేతి మీద చింతబరికె చారలు తేలి ఉన్నాయి. తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడాం, ఆ తర్వాతా రెండు మూడుసార్లు వెళ్లాం. ఆ ఏడు పిల్ల ఇంటర్లో చేరింది, చదువు ఆగలేదు. ఆ కాలేజీలో అవగాహన సదస్సుకి వెళ్తే రెండో వరసలో కూర్చుని ఉంది. గంటసేపు కిటికీలోంచి బయటకే చూసింది, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా నెలవారీ నివేదికలో మాత్రం "బాల్యవివాహం నిలుపుదల: 1" అని పడింది. దెబ్బలు తిన్న పిల్లను రాయడానికి అందులో గడి లేదు.

రెండోది ఆ మరుసటి ఏడాది. మేం బళ్లలో పంచే కరపత్రం మీద 1098తో పాటు మా ఆఫీసు ల్యాండ్‌లైన్ కూడా ఉండేది, కొందరు పిల్లలు నేరుగా దానికే చేసేవారు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు. వెనకాల పిండిమర దడదడ, మధ్యలో బెల్టు జారినప్పుడు టప్‌మని ఒక చప్పుడు. దగ్గరగా ఊపిరి. మాటలేని కాల్స్ మీకూ వస్తూనే ఉంటాయి. పెట్టెయ్యకూడదు, ప్రశ్నలు గుచ్చకూడదు. నా పేరు చెప్పి, "మాట్లాడకపోయినా ఫర్లేదు, నేనిక్కడే ఉన్నాను" అన్నాను. నాలుగు నిమిషాలకు పెట్టేశారు. మర్నాడు అదే టైముకి, అదే మర చప్పుడు. అలా నాలుగు రోజులు. అయిదో రోజు చాలా చిన్న గొంతు: "రేపు కూడా నువ్వే ఉంటావా అప్పా?" ఉంటానన్నాను.

ఉన్నాను. మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పకుండా ఫోన్ ముందే కూర్చున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నంబరు నా ముందే ఉంది, అది ఏదో కొట్టు దగ్గరి కాయిన్ బాక్సు. చేస్తే కొట్టు యజమాని ఎత్తుతాడు. "ఎవరో గుంట రోజూ చేస్తోందండి" అన్న మాట సాయంత్రానికల్లా వీధంతా తిరుగుతుంది. చింతబరికె చారలు గుర్తొచ్చి వేలు వెనక్కి తీసుకున్నాను. మా సూపర్‌వైజరు నంబరు చూసి ఏ టెలిఫోన్ ఎక్స్ఛేంజిదో కనుక్కుంది. ఆ పరిధిలో పిండిమర ఉన్న ఊళ్లు మూడు తేలాయి. ప్రత్యేకంగా ఒకరి కోసం వచ్చినట్టు కనబడకుండా మూడు ఊళ్ల బళ్లకూ వెళ్లి పాఠం చెప్పి, కరపత్రాలు పంచి వచ్చాం. ప్రతి పిల్ల మొహంలోకీ, ప్రతి పిల్లాడి మొహంలోకీ చూశాను. ఎవరూ మాట్లాడలేదు.

ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. మా వీధి చివర ఒక మర ఉంది. సెనగపిండి పట్టించాలంటే మా ఆయనే వెళ్తాడు.

తిరిగి ఫోన్ చేసి ఒకసారి తప్పు చేశాను. చెయ్యకుండా ఒకసారి ఏం చేశానో తెలియదు. మీకు ఇప్పుడు పెళ్లిలో వణుకు వస్తోంది కదా, దాని వెనకాల కూడా ఇలాంటి ముగింపు తెలియని కాల్ ఒకటి ఉండి ఉంటుందని నా అనుమానం. ఒకసారి గుర్తుచేసుకుని చూడండి. ఆరేళ్ల పాప, ఎవరో పెద్దాయన, ఆ తర్వాత ఏమైందో మీకు చెప్పనివాళ్లు. కొత్త పద్ధతిలో కాల్ ఒకరు ఎత్తి, ఊరికి ఇంకొకరు వెళ్లి, బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందుకి మరొకరు తీసుకెళ్తారు కాబట్టి ఫోన్ ఎత్తినవాళ్లకు చివర తెలియకుండా పోవడం ఎక్కువైంది.

ఇక ఏడుపు రాకపోవడం సంగతి. అది జబ్బు కాదు. ఫోన్లో పిల్ల వణుకుతున్నప్పుడు మన గొంతు వణక్కూడదు. ఒంటికి ఆ సంగతి మనకన్నా ముందే తెలుస్తుంది, లోపల ఒక తలుపు మూసేస్తుంది. కాల్ నడిచేటప్పుడు మూయాల్సిందే. చిక్కెక్కడంటే, ఇంటికొచ్చాక కూడా ఆ తలుపు తెరుచుకోకపోతే. నాకు అది ఎలా తెలిసిందో చెబుతాను. ఒక సాయంత్రం వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. మా పెద్దది వచ్చి "అమ్మా, ఎన్నిసార్లు కడుగుతావు" అంది. చూస్తే గిన్నెలో నీళ్లు తేటగా, తాగే నీళ్లలా ఉన్నాయి. కుళాయి ఎప్పుడు తిప్పానో తెలియదు, చేతివేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు. "నువ్వు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు" అని వెళ్లిపోయింది.

దీనికి సైకాలజీలో వైకేరియస్ ట్రామా అని పేరుంది, 1990లో మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఆ మాటతో రాశారు. ఒకరికి తగిలిన గాయం రోజూ వినేవాళ్లకూ అంటుకోవడం. అలిసిపోవడం వేరు, ఇది వేరు. అలిసిపోతే రెండ్రోజులు సెలవు పెట్టి పడుకుంటే సర్దుకుంటుంది. ఇది మనం లోకాన్ని చూసే చూపునే మార్చేస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో, పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వివరాలను ఉద్యోగంలో భాగంగా పదేపదే వినే పోలీసులను పీటీఎస్‌డీకి (ఘోరం ఎదురయ్యాక మనసును వెంటాడే జబ్బు) దారితీసే పరిస్థితులకు ఉదాహరణగా పేర్కొన్నారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, రేపు మీ ఇంట్లోవాళ్లో, ఆఫీసులో ఎవరైనానో "ఫోన్లో విన్నదానికే ఇంత అవుతుందా" అంటే మీరు సిగ్గుపడకూడదని.

చూపు మారడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ బయటికి చెప్పుకోరు. మూడో ఏడాది, మా చిన్నదానికి నాలుగేళ్లు. జ్వరమొస్తే మా ఆయన భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆయన చేతినే చూస్తున్నాను. ఎక్కడ పెట్టాడా అని. రెండు మూడు క్షణాలే. ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది. నా పిల్లలకు ఆయన కన్నా మంచి తండ్రి దొరకడు, ఆ సంగతి నాకన్నా ఎవరికీ ఎక్కువ తెలియదు. అయినా చూశాను. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పిల్లల ట్యూషన్ మాన్పించింది కూడా అందుకేనా?" అన్నాడు. అవును, అందుకే.

మన చెవిలో పడేది లోకం మొత్తం కాదు. భయం ఉత్తదే అనడం లేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి చేసిన అధ్యయనంలో, సగం మందికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. చేసినవాళ్లలోనూ తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లే ఎక్కువ. కాబట్టి జాగ్రత్త ఉండాల్సిందే. కానీ తాతయ్య భుజానెక్కించుకుని పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూపించాడని చెప్పడానికి ఎవరూ 1098కి ఫోన్ చెయ్యరు. మనకొచ్చేవన్నీ చెడ్డ రోజులే. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఊళ్లో అందరూ రోగులే అనిపించినట్టు. అందుకని ఒక పని పెట్టుకున్నాను, మొదట్లో పిచ్చిగా అనిపించింది: ఆఫీసు నుంచి బస్టాండుకి నడిచేటప్పుడు దారిలో పెద్దవాళ్లు పిల్లలతో మామూలుగా ఉన్న దృశ్యాలు మూడు వెతికి చూసి, గుర్తుపెట్టుకోవడం. సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకున్న తండ్రి, ముక్కు తుడిచే మామ్మ, చెరుకురసం బండి దగ్గర గ్లాసు రెండుగా పోయించుకున్న అన్నాచెల్లెళ్లు. నాగావళి వంతెన మీద సాయంత్రం పూట మూడేం, ముప్ఫై దొరుకుతాయి.

మన జిల్లాలకు ఇంకో కష్టం ఉంది. పెద్ద నగరాల్లో ఫోన్లో గొంతు ఫోన్లోనే ఉండిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఆమదాలవలసలో రైలు దిగితే ఎదురయ్యేవాళ్లలో సగం మంది ఎవరి తాలూకో మనకు తెలుసు. తల్లిదండ్రులు పని కోసం హైదరాబాద్, చెన్నై వెళ్లిపోయి, మగవాళ్లు చేపలవేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి, పిల్లలు మామ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరిగే ఊళ్లు ఎన్నో. ఆ మామ్మ బటన్ ఫోన్ నుంచి వచ్చిన కాల్ ఎత్తాక, వచ్చే నెల ఏదో పేరంటంలో ఆ మామ్మే మనకు పసుపు రాయొచ్చు. ఒకసారి ఫిర్యాదులో వచ్చిన పేరు మా పుట్టింటివైపు బాగా తెలిసినాయనది. చిన్నప్పుడు నాకు బెల్లం జీళ్లు కొనిచ్చిన మనిషి. ఆ కేసు నేను చెయ్యలేనని ఆ నిమిషమే చెప్పి, పక్కామెకు ఇచ్చేశాను. ఇలాంటప్పుడు వీరత్వం వద్దు. తెలిసినవాళ్లదైతే తప్పుకోవడం బలహీనత కాదు, ఆ పిల్లకే మంచిది.

అదే కారణంగా ఇంట్లో చెప్పుకోవడమూ కష్టం. పిల్ల ఎవరో బయటపడకూడదు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కూడా ఆ విషయంలో కచ్చితంగా ఉంది. అందుకే చాలామంది నోరు మూసుకుని లోపలే కుక్కుకుంటారు. మీ అమ్మగారు మానెయ్యమనడానికి కారణం కూడా బహుశా ఈ మౌనమే. ఆవిడకు మీరు కనబడుతున్నారు, మీకేమైందో కనబడడం లేదు. కథ చెప్పొద్దు, మీ ఒంటి సంగతి చెప్పండి. "ఈ రోజు ఒక కాల్ వచ్చిందమ్మా, నాకు చేతులు చల్లబడిపోయాయి, కాసేపు పక్కన కూర్చో" అంటే చాలు. ఊరూ పేరూ ఏమీ అక్కర్లేదు. నేను ఈ మాట నేర్చుకోకముందు మా ఇంట్లో నన్ను కోపిష్టిదాన్ని అనుకునేవారు.

ఇంకో బరువు, కొత్తవాళ్లను బాగా కుంగదీసేది: "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అప్పా" అని పిల్ల అడగడం. వెయ్యకండి. పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిశాక పోలీసులకు చెప్పి తీరాలి, ఒట్టేసి తర్వాత తప్పితే ఆ పిల్ల నమ్మిన పెద్దవాళ్ల జాబితాలోంచి ఇంకొకరు పోయినట్టే. నేనిలా అంటాను: "చెప్పనని ఒట్టెయ్యలేనమ్మా. కానీ ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను. వచ్చే పోలీసు ఆడమనిషి ఉండేలా చూస్తాం, యూనిఫాం వేసుకుని రాదు." అప్పుడు కొందరు ఫోన్ పెట్టేస్తారు. ఆ క్లిక్ శబ్దం చాలాసేపు చెవిలో ఉంటుంది. అయినా అబద్ధపు ఒట్టు కన్నా అది నయం.

ఆకతాయి కాల్స్ గురించి మీరు రాయలేదు కానీ వాటి మీద కోపం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. బూతులు తిట్టి నవ్వేవాళ్లు, రీఛార్జి చెయ్యమనేవాళ్లు. తిట్టకండి. నాలుగు రోజులు ఆకతాయిగా చేసి, అయిదో రోజు అసలు మాట చెప్పిన పిల్లాడు నాకు తెలుసు. మనం కసురుకుంటామా లేదా అని ముందు చూసుకున్నాడు.

మరి ఏం చెయ్యాలి? మాకు పనికొచ్చినవి చెబుతాను, మీ యూనిట్‌లో ఎంతవరకు కుదురుతుందో చూసుకోండి.

కష్టమైన కాల్ అయ్యాక వెంటనే ఇంకోటి ఎత్తకండి. హెడ్‌సెట్ తీసి, రిజిస్టర్‌లో రాసి, లేచి నిలబడి, మొహం కడుక్కుని రండి. పది నిమిషాలు. పక్కనున్నామె ఎత్తుతుంది, రేపు ఆమెకు మీరు ఎత్తుతారు. ఇది దయాదాక్షిణ్యం మీద నడవకూడదు, డ్యూటీ చార్టులో ఉండాలి. నేను మునుపు పనిచేసిన ఒక చోట దీన్ని అడిగితే "టీ తాగడానికి వంకలా" అన్నారు. అక్కడ ఏడాదిలో ముగ్గురు మానేశారు.

ఫోన్ మోగితే దడ అన్నారు. ముందు మీ సొంత ఫోన్ రింగ్‌టోన్ మార్చండి. ఆఫీసు ఫోన్‌కీ దానికీ పోలికే ఉండకూడదు. చిన్న పనే, కానీ నాకు సగం దడ దానితోనే పోయింది. డ్యూటీ చీర, ఇంటి చీర అని కూడా వేరు పెట్టుకున్నాను. ఇంటికి రాగానే స్నానం, బట్టలు మార్పు, ఆ తర్వాతే పిల్లల దగ్గరికి. పురిటింటికి వెళ్లొచ్చినట్టు అని మా అత్తగారు నవ్వేవారు.

అన్నిటికన్నా పనికొచ్చింది శనివారం పుస్తకం. పిండిమర కాల్ తర్వాత మా సూపర్‌వైజరు మొదలుపెట్టింది. మామూలు రెండువందల పేజీల నోట్‌బుక్కు. ప్రతి శనివారం సాయంత్రం అరగంట, ఊళ్లకు వెళ్లినవాళ్లు ఫోన్లు ఎత్తినవాళ్లకు చదివి వినిపించాలి. "మొన్న మంగళవారం నువ్వెత్తిన కాల్, పిల్ల కస్తూర్బా విద్యాలయంలో చేరింది." "ఆ బాబు సీడబ్ల్యూసీ ముందు హాజరయ్యాడు, మేనత్త తీసుకెళ్లింది." "కేసు కోర్టులో ఉంది, పిల్ల మామూలుగా బడికెళ్తోంది." అన్నీ మంచి కబుర్లు కావు. ఆగిన పెళ్లి ఆర్నెల్లకు ఒడిశా వైపు తీసుకెళ్లి చేసేశారన్నదీ ఆ పుస్తకంలోనే విన్నాను. అయినా విన్నాక ఆ కాల్ ఒక చోట ఆగుతుంది, రాత్రిళ్లు తిరగదు. ఏమీ తేలనిదానికి "తెలియదు" అని రాసి, తేదీ వేసి, అందరం చూస్తాం. ఒక్కరమే మోసే "తెలియదు", నలుగురం చూసిన "తెలియదు" ఒకటి కావు. మీ దగ్గర ఇది లేకపోతే మీరే అడిగి పెట్టించండి, నోట్‌బుక్కుకి బడ్జెట్ అక్కర్లేదు. పిల్ల పేరు రాయకండి, కాల్ నంబరు చాలు. పుస్తకం బీరువాలోనే ఉండాలి.

ఇప్పుడు ఎప్పుడు మానెయ్యాలో, కనీసం ఎప్పుడు పక్కకి జరగాలో కూడా చెప్పాలి. మూడు వారాలకు పైగా నిద్ర సరిగా లేకపోయినా, విన్న దృశ్యాలు పగలు కూడా కళ్ల ముందు ఆడుతున్నా, మాత్రలకో మందుకో అలవాటు పడుతున్నా, పిల్లల ఫోన్ ఎత్తడానికి లోపల విసుగు వస్తున్నా ఫోన్ కుర్చీ నుంచి కొన్నాళ్లు దిగండి. విసుగు దగ్గర ముఖ్యంగా. ఏడుపు రాకపోతే పిల్లకు నష్టం లేదు, విసుగు మాత్రం ఫోన్లో వినబడిపోతుంది. మీ చిన్నతనంలోనే ఇలాంటిది ఏదైనా జరిగి ఉంటే, మీరు ఈ పనికి పనికిరారని కాదు. అలాంటివాళ్లే కొందరు మా దగ్గర అందరికన్నా బాగా విన్నారు. కానీ ఒక్కరికైనా, సూపర్‌వైజరుకో కౌన్సెలర్‌కో, ముందే చెప్పి ఉండాలి.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇతరుల ఫోన్లు ఎత్తేవాళ్లకు తాము ఫోన్ చెయ్యడం నామోషీగా ఉంటుంది, అది వదిలేయండి. మాతో పనిచేసినామె ఒకరు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లి చూపించుకుంది. "పిచ్చాసుపత్రికి వెళ్లావా" అని వాళ్ల పిన్ని గోల పెట్టింది. మందులు వాడి, నాలుగు నెలలకు తిరిగొచ్చింది. ఇప్పుడు మా శనివారం పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది.

పెళ్లిలో ఆ పెద్దాయన సంగతి మిగిలింది. మీరు చూసింది తప్పు కాదు, లేచి వచ్చెయ్యడమూ తప్పు కాదు. ఈసారి అలా అనిపించినప్పుడు పెద్దాయన చేతులు కాదు, పాప ఒళ్లు చూడండి. బిగుసుకుందా? దిగాలని చూస్తోందా? అమ్మ కోసం కళ్లు తిప్పుతోందా? అలా ఉంటే "రామ్మా, ఐస్‌క్రీం తెచ్చుకుందాం" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పాప కాళ్లు ఆడించుకుంటూ బూందీ తింటూ ఉంటే, ఆయన సిరిమాను చూపించే తాతయ్య అయ్యుంటాడు. అప్పుడు మీరు వెళ్లి భోజనం చెయ్యండి.

మీ అమ్మగారితో మాట్లాడాక ఎలా ఉందో ఇక్కడే రాయండి. నాకు ఈ వారం మధ్యాహ్నం డ్యూటీ, రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను. నా నంబరు ఇద్దామనుకున్నాను కానీ, ఫోన్ మోగితే దడ అన్నారు కదా, వద్దులెండి.